బావ మస్టాంగ్, నా డీజిల్, నాయన కేఎంపీఎల్

మా ఇంట్లో మూడేళ్లుగా ఒక మాట నలుగుతోంది. బావ 2022లో సెకండ్ హ్యాండ్‌లో ఎర్రటి ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాడు. 2017 మోడల్, 5 లీటర్ల వీ8 ఇంజన్, 401 గుర్రాల బలం. అప్పటి నుంచి పండగకి నలుగురం కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు "ఆ కారు పెట్రోలు తాగేస్తుంది" అంటారు. అక్క మొహం చిన్నబోతుంది. బావ మాట మారుస్తాడు. ఆ వెంటనే నా వైపు చూపించి "వీడు చూడు, బుద్ధిగా డీజిల్ కొనుక్కున్నాడు" అంటారు. నాది కియా సోనెట్, 1.5 లీటర్ల డీజిల్, 2021లో కొన్నది. రోజూ ఆఫీసుకు అదే.

ఆ మెచ్చుకోలు నాకు బాగానే ఉండేది. కానీ ఎవరి కారు నిజంగా ఎంత తాగుతోందో ఒక్కసారీ కాగితం మీద పెట్టలేదు. ఈ దసరాకి అందరం అనంతపురం పోవాలి ఎలాగూ. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, 2025 సెప్టెంబరు 29 నుంచి రెండు బండ్ల లెక్కా రోజువారీగా రాశాను.

సోమవారం, సెప్టెంబరు 29

మా ఇల్లు కుందలహళ్లిలో, ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. పోవడం 26 కిలోమీటర్లు, రావడం 26. మారతహళ్లి బ్రిడ్జి, కాడుబీసనహళ్లి, బెళ్లందూరు, ఇబ్బలూరు, అగర, సిల్క్ బోర్డు, ఆ తర్వాత ఫ్లైఓవర్. బెంగళూరులో తెలుగువాళ్లలో సగం మందికి ఈ పేర్లు కంఠతా వచ్చి ఉంటాయి.

మైలేజీ చూడాలంటే డాష్‌బోర్డు మీద వచ్చే అంకెను నమ్మలేం. ట్యాంకు నింపాలి, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపించాలి, ట్రిప్ మీటరు సున్నా చేయాలి. మళ్లీ నింపేటప్పుడు కూడా అదే టక్కు దగ్గర ఆపాలి. ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో కిలోమీటర్లను భాగించాలి. ఇందులో ఒక చిక్కుంది. ఒక్కరోజుకు నా కారు తాగేది మూడు లీటర్ల చిల్లర. కారు కాస్త పల్లంలో నిలబడినా అర లీటరు అటూ ఇటూ అవుతుంది, మూడింటి మీద అర అంటే లెక్కంతా పాడైనట్టే. అందుకే కిందటి వారం ఐదు రోజులదీ కలిపి చూశాను. 260 కిలోమీటర్లకు 16.7 లీటర్లు. లీటరుకు 15.6.

బెంగళూరులో ఇప్పుడు డీజిల్ లీటరు 91 రూపాయలు, పెట్రోలు దాదాపు 103. అంటే ఆఫీసుకు పోయి రావడానికి రోజుకు 304 రూపాయలు.

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి గంటా యాభై నిమిషాలు పట్టింది. గంటకు 14 కిలోమీటర్ల వేగం. పొద్దున సిల్క్ బోర్డు దాటి ఎలివేటెడ్ రోడ్డు ఎక్కినప్పుడు మాత్రం పది కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పోయాను. 2010లో అది తెరిచిన కొత్తలో దాని మీద పోవడమే సరదాగా ఉండేదని మా సీనియర్లు చెబుతారు. నాకు ఇప్పటికీ అలాగే ఉంటుంది. రోజు మొత్తంలో నా ఇంజన్ హాయిగా ఊపిరి తీసుకునేది ఆ పది కిలోమీటర్లే.

మంగళవారం, సెప్టెంబరు 30

పొద్దున ఏడింటికి సర్జాపూర్ రోడ్డులో అక్కావాళ్ల ఇంటికి పోయి తాళాలు మార్చుకున్నాం. బావ నా సోనెట్‌లో, నేను మస్టాంగ్‌లో. రోజూ పోయే దూరం సరిగ్గా రావాలని మళ్లీ కుందలహళ్లి వచ్చి, అక్కడి బంకులో ట్యాంకు నింపించి బయల్దేరాను.

ఆ కారు స్టార్ట్ అయినప్పుడు సీటు కింద నుంచి వచ్చే గుడగుడ గురించి రాయకపోతే అన్యాయం. చెవికి వినబడేకంటే ముందు వెన్నుకు తెలుస్తుంది. బంకులో పనిచేసే కుర్రాడు నాజిల్ తగిలించి, మూత బిగించి, రెండడుగులు వెనక్కి జరిగి "ఒన్ సల స్టార్ట్ మాడి సార్" అన్నాడు. స్టార్ట్ చేశాను. పక్క వరసలో ఆటో ఆయన కూడా తల బయటపెట్టాడు. ఇంతమంది మొహాల్లో ఒకేసారి వెలుగు రావడం నా డీజిల్‌తో ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత రింగ్ రోడ్డు. మెట్రో పనుల వల్ల చాలాచోట్ల లేను ఒకటి తగ్గింది. కారుకూ నేలకూ మధ్య జాగా 137 మిల్లీమీటర్లే, అందుకని ప్రతి స్పీడ్ బ్రేకర్నీ ఏటవాలుగా ఎక్కించాలి. ఇబ్బలూరు దగ్గర ఒకటి కడుపుకు గీసుకుంది, నా ప్రాణం లేచిపోయింది. దిగి చూస్తే ప్లాస్టిక్ తొడుగు మీద గీత, అంతే. బావకు వెంటనే ఫోన్ చేసి చెప్పేశాను. "పోనీలే బామ్మర్దీ, నాక్కూడా అక్కడే తగులుద్ది" అన్నాడు.

సాయంత్రం మరీ కష్టం. బుధవారం ఆయుధ పూజ, గురువారం విజయదశమి, గాంధీ జయంతి. ఊరు ఊరంతా ఒకేసారి బయటికి వచ్చేసింది. సిల్క్ బోర్డు దగ్గర ఇరవై రెండు నిమిషాలు కదల్లేదు. అక్కడ కూర్చుని మీటరు చూస్తే, ఆ క్షణానికి మైలేజీ సున్నా. బండి కదలనప్పుడు ఏ కారుకైనా సున్నాయే. తేడా ఏమిటంటే, ఊరికే నిలబడి ఉన్నందుకు ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఏసీతో కలిపి గంటకు రెండు లీటర్ల దరిదాపు కాలుస్తుంది. నాలుగు సిలిండర్ల చిన్న డీజిల్‌కు ముప్పావు లీటరు చాలు. అక్కడ పక్కనే పైన ఆగస్టులో మొదలైన పసుపు లైన్ మెట్రో రైలు బొమ్మసంద్ర వైపు పోతూ కనబడింది. కింద మేమందరం ఎవరి ట్యాంకు వాళ్లం కాల్చుకుంటూ ఉన్నాం.

ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. బంకుకు పోయి నింపిస్తే 52.3 కిలోమీటర్లకు 11.9 లీటర్లు పట్టింది. లీటరుకు 4.4. ఒక్కరోజుకు 1,225 రూపాయలు.

అంటే నా దానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఈ అంకె రాస్తుంటే ఇంట్లోవాళ్ల మాటే నిజమనిపించింది.

బుధవారం, అక్టోబరు 1

బావావాళ్ల అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రెండు కార్లనూ పక్కపక్కన పెట్టి పూజ చేశాం. అరటి పిలకలు, చామంతి దండలు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. బెంగళూరులో ఈ పండగ రోజు లారీ ఆఫీసుకు పోయినా ఐటీ ఆఫీసుకు పోయినా ఇదే వాసన, గుమ్మడికాయా కుంకుమా కలిసిన వాసన.

పూజకు ముందు కడిగేటప్పుడు టైర్లలో గాలి చూశాం. నా కారుకు 33 ఉండాలి, 27 ఉంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ అతుక్కుంటుంది, మైలేజీ పడిపోతుంది. కిందటి వారం లెక్కలో దాని వంతు కూడా ఉండే ఉంటుంది.

పై ఫ్లోర్‌లో ఉండే నెల్లూరు ఆయన వచ్చి, జీఎస్టీ తగ్గింది కదా, డీజిల్ కారు కొనమంటావా అని అడిగాడు. సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,500 సీసీ లోపు డీజిల్ కార్లకు పన్ను 18 శాతానికి వచ్చింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31. నిజమే, మంచి తగ్గుదలే. కానీ పెట్రోలూ డీజిలూ జీఎస్టీలో లేవు, వాటి మీద రాష్ట్రాల పన్ను అలాగే ఉంది. కర్ణాటకలో 2024 జూన్‌లో రెండింటి మీదా పన్ను పెరిగింది, 2025 ఏప్రిల్‌లో డీజిల్ మీద మళ్లీ పెరిగింది.

డీజిల్ అంటే చవక అనే నమ్మకం మనలో 2012 నాటిది. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. లీటరుకు 32 రూపాయల తేడా ఉంటే ఎవరైనా డీజిలే కొంటారు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. ఇప్పుడు బెంగళూరులో తేడా 12 రూపాయలు. అందుకని ఆయన్ని ఒక్కటే అడిగాను, నెలకు ఎంత తిరుగుతారని. నాలుగొందల కిలోమీటర్లట, అదీ పిల్లల స్కూలు, కూరగాయలు. వద్దండీ అన్నాను. ధర సంగతి అటుంచి, 2020 తర్వాత కొత్త కాలుష్య నియమాలతో వచ్చిన బీఎస్6 డీజిళ్లన్నింటికీ పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కేలా కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ రెండు కిలోమీటర్లు పోయి ఆగే బండిలో అది పూడుకుపోతుంది. మా ఆఫీసులో ఒకాయన ఆ లైటు వెలిగిన ప్రతిసారీ రాత్రి పదకొండింటికి నైస్ రోడ్డు మీద ఊరికే తిప్పుకొచ్చేవాడు.

గురువారం, అక్టోబరు 2

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ముందు బావ, అక్క మస్టాంగ్‌లో. వెనక నేను, సామాన్లు, రెండు పెట్టెల మైసూర్ పాక్ సోనెట్‌లో. 80, 85 దాటకూడదని ఒప్పందం.

హెబ్బాళ దాటి దేవనహళ్లి వైపు తిరిగేసరికి దూరాన నంది కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. చిక్కబళ్లాపురం దాటాక రోడ్డు ఖాళీ. ఎదురుగా ఎర్ర కారు వెనక దీపాలు మూడేసి గీతలు వెలుగుతూ పోతుంటే, దాని వెంట అదే వేగంతో పోవడం నాకెంతో నచ్చింది. ఆ వేగంలో రెండు కార్లూ ఒక్కటే పని చేస్తున్నాయి. అదొక్కటే కాస్త గంభీరంగా చేస్తోంది.

బాగేపల్లిలో ఆగాం. జాతీయ రహదారి 44 మీద హైదరాబాదు వైపు పోయే లారీలన్నీ ఇక్కడ బంకుల్లోకి దూరతాయి, ఎందుకంటే కొంచెం దూరం పోతే ఆంధ్రా. అక్కడ పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి. డీజిల్ మీద 22.25 శాతం, మళ్లీ ఆ నాలుగూ ఆ ఒకటీ. కలిపితే అనంతపురంలో పెట్రోలు 110 దరిదాపు, డీజిల్ 97, 98. కర్ణాటక బంకు ముందు తెలుగులో పెద్ద బోర్డు, ఆంధ్రా కంటే ఇక్కడ తక్కువ అని. ఏపీ నంబరు ట్రాక్టరు ఒకటి రెండు డ్రమ్ములు వేసుకుని వచ్చింది. గడ్డం తెల్లబడిన రైతు ఒకాయన ఆ డ్రమ్ముల మూతలు తన తుండుతో తుడిచి, లోపల చెయ్యి పెట్టి నీరు లేదని చూసుకుని, అప్పుడు పొయ్యమన్నాడు. లీటరుకు ఆరు రూపాయలు మిగలడం అంటే ఆయనకు ఏమిటో ఆ తుడవడంలో తెలిసింది.

ఇక్కడిదాకా 109 కిలోమీటర్లు. మస్టాంగ్‌కు 11.8 లీటర్లు పట్టింది, లీటరుకు 9.2. సోనెట్‌కు 5.3 లీటర్లు, 20.6. బావ మొహం విప్పారింది. నిన్న మొన్న 4.4 అన్న కారే ఇది.

కొడికొండ చెక్‌పోస్టు దాటాక గాలి మారుతుంది. వేరుశనగ పీకే రోజులు, చేలల్లో కుప్పలు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ గోడ పొడవునా పోతుంటే, 2019 డిసెంబరులో దాన్ని ప్రారంభించినప్పుడు మా ఊరి పిల్లలు ఎంతమంది ఉద్యోగాలకు అప్లై చేశారో గుర్తొచ్చింది. నా కారు పుట్టిల్లు అది. ఊరికి పోయే ప్రతిసారీ పుట్టింటి గుమ్మం ముందు నుంచి పోతుంది.

అనంతపురంలో ఇంటికి పోయే ముందు మళ్లీ రెండూ నింపించాను, రేపటి లెక్క శుభ్రంగా రావాలని. 112 కిలోమీటర్లకు మస్టాంగ్ 10.9 లీటర్లు, సోనెట్ 4.9. రోజు మొత్తానికి మస్టాంగ్ ఖర్చు 2,414 రూపాయలు, సోనెట్‌ది 960. రెండున్నర రెట్లు. ఊళ్లో నాలుగు రెట్లున్న తేడా రోడ్డెక్కగానే రెండున్నరకు దిగింది. పెద్ద ఇంజన్ శాపం నిలబడ్డప్పుడే ఎక్కువ.

ఇంట్లో కాళ్లు కడుక్కునే లోపే నాయన అడిగాడు.

"బాగేపల్లిలో నింపుకొని ఈడ మళ్లా ఎందుకు పోయించినావురా? పది లీటర్లకు డెబ్బై రూపాయలు పాయె కదా."

లెక్క కోసమని నోట్‌బుక్ చూపించాను. మా నాయన అనంతపురం డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ డ్రైవరు. ఆర్టీసీలో ప్రతి డ్రైవరుకూ కేఎంపీఎల్ అని ఒక అంకె ఉంటుంది, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిపాడని. అది డిపోలో బోర్డు మీద రాస్తారు. తక్కువ తెచ్చినవాడిని పిలిచి అడుగుతారు, ఎక్కువ తెచ్చినవాడిని మెచ్చుకుంటారు. నా చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు మా ఇంట్లో మాట్లాడుకునే మార్కులు నావి కాదు, నాయన కేఎంపీఎల్. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా పేజీలు ఒక్కొక్కటీ చదివాడు. మంగళవారం దగ్గర ఆగి వేలు పెట్టాడు.

"నాలుగు పాయింటు నాలుగు. మా బస్సు ఐదు పైన ఇచ్చేది. యాభై మందిని ఎక్కించుకొని."

శుక్రవారం, అక్టోబరు 3

అమ్మ కదిరి నరసింహస్వామి దర్శనానికి పోదామంది, అక్కడి నుంచి తిమ్మమ్మ మర్రిమాను దాకా. ఉగ్గాని బజ్జీ తిని ఎనిమిదింటికి బయల్దేరాం. మస్టాంగ్ వెనక సీటులో మోకాళ్లు పట్టవు, అందుకని అమ్మ, అక్క నాతో. "ఆధార్ కార్డు చూపిస్తే నాకు బస్సు ఫ్రీనే కదా, ఇంత డీజిల్ ఎందుకు" అంది అమ్మ. ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆమె మాట ఈ లెక్కలన్నింటికంటే బలమైనదే.

గేటు దగ్గర బావ తాళం నాయన చేతిలో పెట్టాడు. "మామా, మీరు తోలండి."

నాయన వద్దనలేదు. చెప్పులు విప్పి లోపల కూర్చున్నాడు. సీటు ముందుకు లాక్కున్నాడు, అద్దాలు మూడూ సవరించుకున్నాడు, స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఒకసారి కళ్లకద్దుకున్నాడు. ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. ఆటోమేటిక్ కదా, అక్కడ ఏమీ లేదు. ఆ కాలును వెనక్కి మడిచి పెట్టుకుని, ఇక వచ్చేదాకా కదపలేదు.

బత్తలపల్లి, ముదిగుబ్బ, కదిరి. ఈ రోడ్డు ఆయన పదకొండేళ్లు తోలిన రూటు. నేను వెనక నుంచి చూస్తున్నాను. 70 దాటలేదు. దూరంగా గొర్రెల మంద కనబడితే అర కిలోమీటరు ముందే కాలు తీసేసేవాడు, బ్రేకు దీపం వెలిగేదే కాదు. కారు జారుతూ జారుతూ పోయి మంద దాటేసరికి సరిగ్గా నడక వేగానికి వచ్చేది. ఊళ్లు దగ్గర పడితే అంతే. బెంగళూరులో నేను తొక్కి ఆపే ప్రతిచోటా నా డీజిల్ వేడి అయి బ్రేకుల్లో పోతుంది. ఆయన ఆ వేడిని మిగుల్చుకుంటున్నాడు. పెట్రోలియం పొదుపు గురించి చెప్పే పీసీఆర్‌ఏ వాళ్లు 45, 55 మధ్య నిలకడగా పొమ్మంటారు. నాయనకు ఎవరూ చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్లు బోర్డు మీద అంకె కోసం నేర్చుకున్నది అది.

కదిరిలో దర్శనం బాగా అయింది. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు మర్రిమానుకు. ఐదెకరాల దాకా పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఊడల మధ్య నడుస్తుంటే ఏది మొదటి మానో తెలియదు. తిమ్మమ్మ కథ అమ్మ చెప్పింది, అక్క కళ్లు తుడుచుకుంది. నాయన, బావ మాత్రం చెట్టు నీడలో బానెట్ ఎత్తి, ఆ ఎనిమిది సిలిండర్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. కంప్రెషన్ ఎంత, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుంది అని నాయన అడిగాడట. పదకొండు అంటే, డీజిల్‌కు పదహారు దాకా ఉంటుంది, అందుకే అది లీటరులో నుంచి ఎక్కువ పిండుకుంటుంది అన్నాడట. అదీకాక లీటరు డీజిల్‌లో పెట్రోలు కంటే పదో వంతుకు పైగానే ఎక్కువ శక్తి ఉంటుంది. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలుస్తోంది. ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అంటే ఇంజన్ చేతికి రాకముందే లీటరులో ఆరేడు శాతం బలం తగ్గినట్టు. బావకు ఆ బాధ ఉంది.

సాయంత్రం అనంతపురంలో నింపించాం. 228 కిలోమీటర్లు. సోనెట్ 9.9 లీటర్లు, లీటరుకు 23. మస్టాంగ్ 20.2 లీటర్లు.

లీటరుకు 11.3.

బంకులో బిల్లు చేతిలో పట్టుకుని బావ రెండుసార్లు లెక్క చేశాడు. మూడేళ్లలో ఆ కారు పదకొండు ఎప్పుడూ చూడలేదు. నాయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చి భోజనం అయ్యాక నా నోట్‌బుక్ తీసుకుని, శుక్రవారం పేజీ కింద ఆయన చేతిరాతతో ఒక లెక్క వేశాడు. బస్సుకు 5.3 చొప్పున 228 కిలోమీటర్లకు 43 లీటర్లు, మన బంకు రేటుతో 4,194 రూపాయలు, యాభై మందికి పంచితే తలకు 84. సోనెట్‌లో ముగ్గురం, 965 రూపాయలు, తలకు 322. మస్టాంగ్‌లో ఇద్దరు, 2,222 రూపాయలు, తలకు 1,111.

శనివారం, అక్టోబరు 4

తిరుగు ప్రయాణం. అమ్మ కట్టిన ఓళిగలు, మూడు కిలోల పచ్చి వేరుశనగ కాయలు. లేపాక్షి చూసుకుని పోదామన్నారు. ఈసారి బావ తోలాడు, రోడ్డుకు పెట్టిన 100 దాకా పోయాడు, లారీలను దాటేటప్పుడు ఆ ఇంజన్‌ను కాస్త పాడనిచ్చాడు. నేనూ అదే వేగం పట్టాను.

లేపాక్షిలో ఒక్క రాతి బసవన్న ముందు ఫోటోలు, వేలాడే స్తంభం కింద అక్క చున్నీ దూర్చడం. ఎన్నిసార్లు చూసినా ఆ పైకప్పు బొమ్మల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడతాను. బాగేపల్లికి వచ్చి నింపితే 144 కిలోమీటర్లకు మస్టాంగ్ 17.6 లీటర్లు, 8.2. సోనెట్ 7.4 లీటర్లు, 19.5. గాలి అడ్డం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 70 నుంచి 100కి పోతే రెట్టింపు. నిన్నటి 11.3కూ ఈ రోజు 8.2కూ మధ్య ఉన్నది కొంత ఆ గాలి, కొంత ఆ లారీలను దాటిన తొక్కుడు. బావకు విచారమేమీ లేదు. ఆ పాట కోసమే కదా కొన్నది అన్నాడు. నేనూ ఒప్పుకుంటాను.

ఆదివారం, అక్టోబరు 5

అక్కావాళ్ల ఇంట్లో కాయలు ఉడకబెట్టుకుని తింటూ ఏడాది లెక్క వేశాం. అసలు నాకు ఈ ప్రయాణంలో తెలిసినది ఇక్కడే తెలిసింది.

బావ మస్టాంగ్ ఏడాదికి 3,200 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆదివారం పొద్దున నంది కొండ, పండక్కి ఊరు. బావ ఆఫీసుకు రోజూ మెట్రోలో పోతాడు. సగటున లీటరుకు 7 వేసుకుంటే 457 లీటర్లు, దాదాపు 47 వేల రూపాయలు. నా సోనెట్ ఏడాదికి 14 వేల కిలోమీటర్లు. సగటు 16.5, అంటే 848 లీటర్లు. 77 వేల రూపాయలు.

పొగ లెక్కా అదే. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, పెట్రోలుకు 2.31. నాది ఏడాదికి రెండు టన్నుల పైన, బావది ఒక టన్ను. కిలోమీటరుకు చూస్తే నాది అతని దానిలో సగమే. కానీ నేను అతని కంటే నాలుగు రెట్లు తిరుగుతున్నాను.

టైర్లు, బీమా, సర్వీసు కలిపితే మస్టాంగ్ వేరే లోకం, ఆ వాదన నేను చేయడం లేదు. పెట్రోలు తాగేస్తుంది అనే మాట మాత్రం ఇక మా ఇంట్లో ఎవరూ అనకూడదు. మూడేళ్లుగా బంకులో ఎక్కువ డబ్బు పోసింది నేను. అలాగని నేను డీజిల్ కొనడం తప్పూ కాదు. పెట్రోలు మోడల్ మీద లక్షా పాతిక వేలు ఎక్కువ పెట్టాను. సగటున ఆ పెట్రోలు బండి 12.5 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 8 రూపాయల 24 పైసలు, నాకు 5.52. నలభై ఆరు వేల కిలోమీటర్ల దగ్గర ఆ డబ్బు తిరిగొచ్చింది, ఇప్పుడు మీటరు 58 వేల మీద ఉంది. నా డబ్బు పోతున్నది కారులో కాదు, ఆ 26 కిలోమీటర్లలో, అందులోనూ నిలబడే గంటలో.

అక్క ఆ పేజీ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. బావ మళ్లీ మళ్లీ కాయలు ఒలిచి నా ముందు పోశాడు.

సోమవారం, అక్టోబరు 6

మేనేజరును అడిగి ఆఫీసు టైము ముందుకు జరుపుకున్నాను. ఆరుంపావుకి బయల్దేరితే నలభై ఎనిమిది నిమిషాల్లో ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నాను. సాయంత్రం మూడున్నరకే తిరుగు. ఎర్ర లైటు దూరంగా కనబడగానే కాలు తీసేశాను. వెనకవాడు హారన్ కొట్టాడు, కొట్టనీ అనుకున్నాను. టైర్లలో గాలి 33.

రాత్రి ఎనిమిదింటికి నాయన ఫోన్.

"ఈ రోజు ఎంతొచ్చె?"

"ఒక్కరోజుది సరిగ్గా తెలీదు నాయనా, వారం కావాల. డాష్‌బోర్డులో అయితే పద్దెనిమిదిన్నర చూపిస్తాంది."

కాసేపు మాట లేదు. కాగితం శబ్దం వినిపించింది, రాసుకుంటున్నాడు.

"శుక్రవారం నింపినాక చెప్పు" అన్నాడు.